పరాయి గడ్డపై మనసు విప్పే చోటు

ఐర్లండ్ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల కోసం కౌన్సెలింగ్ కేంద్రాలు ఉచితంగా పనిచేస్తున్నాయి. తెలుగు విద్యార్థి ఆ గడప తొక్కాలంటే అక్కడ ఏం జరుగుతుందో విద్యార్థికీ, ఇంటి దగ్గరున్న తల్లిదండ్రులకూ ముందే తెలిసి ఉండాలి.

ఉన్నత విద్య చదివే యువతీయువకుల మనోస్థితిని కాపాడటం కూడా విద్యాసంస్థల బాధ్యతేనని ఐర్లండ్ 2020 అక్టోబరులో ఒక జాతీయ విధాన పత్రం ద్వారా స్పష్టం చేసింది. ఆ దేశంలో ఉన్నత విద్యకు నిధులు అందించి, పనితీరును పర్యవేక్షించే హయ్యర్ ఎడ్యుకేషన్ అథారిటీ వెలువరించిన ఈ పత్రం విద్యార్థుల మానసిక ఆరోగ్యాన్నీ ఆత్మహత్యల నివారణనూ కలిపి చూసి, నాయకత్వం, సమన్వయం, అవగాహన, ముందస్తు గుర్తింపు, ఆసరా, ఆపత్కాల స్పందన వంటి తొమ్మిది అంశాల కింద సంస్థలు ఏమేం చేయాలో సూచించింది. వీటిలో చాలావరకు కౌన్సెలర్ గది బయట జరగాల్సిన పనులే. తరగతికి రావడం మానేసిన విద్యార్థిని గమనించే అధ్యాపకులు, వసతిగృహ సిబ్బంది, విద్యార్థి సంఘాలు, పాలనాధికారులు అందరూ ఆ బాధ్యతలో భాగస్వాములే.

ఇటీవలి ఏళ్లలో ఐర్లండ్‌కు చదువు కోసం వచ్చే విదేశీ విద్యార్థుల్లో భారతీయులు ముందు వరుసలో ఉన్నారు. వారిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చి డబ్లిన్, కార్క్, లిమరిక్, గాల్వే నగరాల్లో కంప్యూటింగ్, డేటా అనలిటిక్స్, వ్యాపార నిర్వహణ వంటి కోర్సులు చదివేవారు ఎందరో ఉన్నారు. వారికి అందుబాటులో ఉన్న సేవలన్నింటిలో తక్కువగా అర్థమైనది, ఎక్కువగా భయపెట్టేది కౌన్సెలింగ్ సేవే. గ్రంథాలయంలాగా, ప్రయోగశాలలాగా అది కూడా చదువులో భాగంగా ఏర్పాటైన వసతి అని గ్రహించినప్పుడే ఆ భయం తగ్గుతుంది. ఆ గ్రహింపు విమానం ఎక్కకముందే కలగాలి.

మౌనం నుంచి మాట దాకా

మానసిక వ్యథ గురించి ఐర్లండ్ మొదటి నుంచీ బాహాటంగా మాట్లాడిన దేశం కాదు. 1950ల చివరలో, ముప్పై లక్షల లోపు జనాభా ఉన్న ఆ చిన్న దేశంలో 20 వేల మందికి పైగా మానసిక చికిత్సాలయాల్లో ఉండేవారు. జనాభాతో పోల్చి చూస్తే ఇది ప్రపంచంలోనే అత్యధిక స్థాయి. కుటుంబంలో ఒకరికి మనసు బాగాలేదంటే ఆ సంగతి ఊరికి తెలియకుండా దాచడం, దాచలేనప్పుడు ఎత్తు గోడల వెనక్కి పంపేయడం అప్పటి రివాజు. ఆత్మహత్యను నేరంగా చూసే పాత చట్టం 1993 వరకు అమల్లో ఉంది. ఆ సంవత్సరం తెచ్చిన కొత్త చట్టంతో అది నేరాల జాబితా నుంచి తొలగిపోయింది. భారతదేశంలోనూ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించాలనీ, శిక్షించకుండా ఆదుకోవాలనీ చెప్పింది.

డబ్లిన్‌లో ‘నైట్‌లైన్’ అనే విద్యార్థుల టెలిఫోన్ సేవ మొదలైందీ 1993లోనే. బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1970లో పుట్టిన ఒక ప్రయోగం దీనికి మాతృక. శిక్షణ పొందిన విద్యార్థి వాలంటీర్లు తమ పేరు చెప్పకుండా, ఎదుటివారి పేరు అడగకుండా, సలహాలూ తీర్పులూ ఇవ్వకుండా వినడమే ఈ సేవలో ప్రధానం. ఆ తర్వాత 2006లో, ఆత్మహత్యా తలంపులతో బాధపడేవారికి ఆసరాగా పియెటా హౌస్, యువజనుల మానసిక ఆరోగ్యం కోసం హెడ్‌స్ట్రాంగ్ ఏర్పడ్డాయి. ఈ రెండోదే నేటి జిగ్‌సా. హెడ్‌స్ట్రాంగ్, యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ కలిసి 12 నుంచి 25 ఏళ్ల వారిపై జరిపిన ‘మై వరల్డ్ సర్వే’ ఫలితాలు 2012లో వెలువడ్డాయి. కష్టం వచ్చినప్పుడు ఆదుకునే పెద్దవారు ఒక్కరైనా ఉన్నారన్న నమ్మకం యువత మానసిక ఆరోగ్యానికి గట్టి రక్ష అని ఆ అధ్యయనం తేల్చింది. ఇంటికి వేల మైళ్ల దూరంలో ఉన్న విద్యార్థికి అలాంటి పెద్దదిక్కు ఎవరన్న ప్రశ్నకు ప్రాంగణం ఇచ్చే సమాధానాల్లో కౌన్సెలింగ్ కేంద్రం ఒకటి.

గది లోపల జరిగేది

ఈ సేవకు విద్యార్థి నుంచి విడిగా రుసుము తీసుకోరు. చాలా కేంద్రాల్లో ఆన్‌లైన్ దరఖాస్తుతో పని మొదలవుతుంది. దానితో పాటు ఒక ప్రశ్నావళిని నింపమంటారు. పలు కేంద్రాలు వాడే ‘కోర్’ అనే ప్రశ్నావళిలో 34 వాక్యాలు ఉంటాయి. ఒక్కొక్కటి గడచిన వారం రోజుల్లో తనకు ఎంత తరచుగా వర్తించిందో ‘అసలు లేదు’ మొదలుకొని ‘దాదాపు ఎప్పుడూ’ వరకు ఐదు స్థాయుల్లో గుర్తించాలి. మనసు కుదురుగా ఉందా, ఎలాంటి బాధలు పీడిస్తున్నాయి, రోజువారీ పనులూ స్నేహాలూ ఎలా సాగుతున్నాయి, తనకు గానీ ఇతరులకు గానీ ప్రమాదం ఉందా అనే నాలుగు కోణాలు ఆ ప్రశ్నల్లో ఇమిడి ఉంటాయి. ఇది పరీక్ష కాదు, రోగ నిర్ధారణా కాదు. ఎవరిని వెంటనే చూడాలో నిర్ణయించడానికీ, కొన్ని వారాల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ వేసి మార్పును అంచనా వేయడానికీ పనికొచ్చే కొలమానం.

మొదటి సమావేశంలో కౌన్సెలర్ సాధారణంగా గోప్యత నియమాలు వివరించి, విద్యార్థి ఎందుకు వచ్చారో వింటారు. ఒక్కో సమావేశం దాదాపు 50 నిమిషాలు సాగుతుంది. ఏళ్ల తరబడి సాగే చికిత్సకు ఇక్కడ అవకాశం తక్కువ కాబట్టి, ఆరు నుంచి ఎనిమిది సమావేశాల్లో ఒక నిర్దిష్ట సమస్యపై దృష్టి పెట్టే సంక్షిప్త పద్ధతినే ఎక్కువ కేంద్రాలు పాటిస్తాయి. ఆ పద్ధతుల్లో ప్రసిద్ధమైనది సీబీటీ. ఆలోచన, భావోద్వేగం, ప్రవర్తన ఒకదాన్నొకటి నడిపిస్తాయనీ, వాటిలో ఒకదాన్ని మార్చగలిగితే మిగతావీ సడలుతాయనీ భావించే మానసిక చికిత్స ఇది. ‘ఈ పేపర్ పోతే నా బతుకు అయిపోయినట్టే’ అన్న ఆలోచన ఒక విద్యార్థిని రాత్రంతా మేలుకోబెడుతుంటే, ఆ వాక్యాన్ని కాగితంపై పెట్టించి, దానికి ఆధారాలేమిటో, పేపర్ నిజంగా పోతే సంస్థ నిబంధనల ప్రకారం మళ్లీ రాసే అవకాశం ఎలా ఉందో ఒక్కొక్కటిగా పరిశీలింపజేస్తారు. భయం ఒక్క రోజులో పోదు. అయితే దాని ఆకారమూ పరిమాణమూ తెలుస్తాయి, మరుసటి రోజు చేయవలసిన పని ఒకటి స్పష్టమవుతుంది.

కౌన్సెలర్లు మందులు రాయరు. మందులు అవసరమనిపిస్తే ప్రాంగణంలోని విద్యార్థి ఆరోగ్య కేంద్రంలో వైద్యులనో, వారి ద్వారా సైకియాట్రిస్టునో కలవమని సూచిస్తారు. అనారోగ్యం వల్ల గానీ ఆప్తుల మరణం వల్ల గానీ గడువులోగా అసైన్‌మెంట్ ఇవ్వలేని వారు ప్రత్యేక పరిస్థితుల కింద మినహాయింపు కోరే పద్ధతి ఐరిష్ విశ్వవిద్యాలయాల్లో ఉంది. చాలామంది విదేశీ విద్యార్థులకు ఆ దారి ఉన్నట్టే తెలియదు. కౌన్సెలర్‌తో మొదలైన సంభాషణ ఎన్నోసార్లు వారిని అక్కడికి చేర్చుతుంది. చదువును తాత్కాలికంగా ఆపాలనుకునేవారు మాత్రం నిర్ణయం తీసుకునే ముందే విదేశీ విద్యార్థుల విభాగంతోనూ మాట్లాడాలి. హాజరు, కోర్సులో పురోగతి వీసా అనుమతితో ముడిపడి ఉన్నాయి కాబట్టి ఈ జాగ్రత్త తప్పనిసరి.

పన్నెండు నెలల పీజీ, కాలంతో పరుగు

ఐర్లండ్‌కు వచ్చే తెలుగు విద్యార్థుల్లో ఎక్కువమంది చేరేది ఏడాదిలో ముగిసే మాస్టర్స్ కోర్సుల్లో. నాలుగేళ్ల డిగ్రీ చదివే ఐరిష్ విద్యార్థికి ప్రాంగణాన్ని అర్థం చేసుకోవడానికి మొదటి సంవత్సరమంతా ఉంటుంది. మాస్టర్స్ విద్యార్థికి మొదటి సంవత్సరమే చివరి సంవత్సరం. సెప్టెంబరులో దిగగానే అద్దె గది వేట మొదలవుతుంది. డబ్లిన్‌లో గదుల కొరత ఎంత తీవ్రమంటే తరగతులు ప్రారంభమయ్యాక కూడా తాత్కాలిక బసల్లో కాలం వెళ్లదీసేవారు కనిపిస్తారు. శీతాకాల పరీక్షలు, వసంతంలో ప్రాజెక్టులు, వేసవిలో డిసర్టేషన్, అది చేతిలో ఉండగానే ఉద్యోగ దరఖాస్తులు ఒకదాని వెంట ఒకటి తరుముతాయి. ఇలాంటి పంచాంగంలో కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ కోసం నాలుగు వారాలు ఆగవలసి వస్తే, ఒక సెమిస్టర్‌లో మూడో వంతు అలాగే గడిచిపోతుంది.

దీనికి డబ్బు చింత తోడవుతుంది. ఏడాదికి 10 వేల యూరోల జీవన వ్యయం భరించగలమని వీసా కోసం చూపించాలి, ట్యూషన్ ఫీజు దానికి అదనం. పొలం మీదనో ఇంటి మీదనో తెచ్చిన అప్పు తీర్చవలసింది తానేనన్న స్పృహ విద్యార్థిని వదలదు. ‘స్టాంప్ 2’ అనే విద్యార్థి అనుమతి కింద తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలు, నిర్ణీత సెలవు నెలల్లో 40 గంటలు మాత్రమే పని చేయవచ్చు. ఆ కొద్ది గంటల పని కోసం దుకాణాల్లోనూ, హోటళ్లలోనూ రాత్రి షిఫ్టులకు పోటీ పడాలి. డిసెంబరు మూడో వారంలో డబ్లిన్‌లో ఉదయం ఎనిమిదిన్నర దాటితే గానీ పొద్దు పొడవదు, సాయంత్రం నాలుగు దాటగానే చీకటి పడుతుంది. కడప, కరీంనగర్ ఎండలకు అలవాటుపడ్డ శరీరానికి ఆ చీకటే ఒక భారం. రాత్రి పదింటికి షిఫ్టు ముగించుకుని గది చేరేసరికి ఇంటి దగ్గర తెల్లవారుజామున మూడున్నర అవుతుంది, అమ్మకు ఫోన్ చేసే వేళ కాదు. నైట్‌లైన్ వాలంటీర్లు విద్యా సంవత్సరంలో ప్రతి రాత్రీ 9 నుంచి 2.30 వరకు ఫోన్ దగ్గర కూర్చునే ఏర్పాటు అలాంటి వేళకు అక్కరకొస్తుంది.

గోప్యతపై అపోహలు

ఇన్ని ఒత్తిళ్లున్నా తెలుగు విద్యార్థులు కౌన్సెలింగ్‌కు వెనకాడటానికి ప్రధాన కారణం సంగతి బయటపడుతుందన్న భయం. విషయం అధ్యాపకులకు చేరి మార్కులు తగ్గుతాయేమో, వీసా పొడిగింపుకు అడ్డొస్తుందేమో, ఊళ్లో తెలిసి పెళ్లి సంబంధాలు చెడిపోతాయేమో అన్న శంకలు వారిని ఆపుతాయి. కౌన్సెలింగ్ వివరాలను విద్యా సంబంధ రికార్డుల నుంచి వేరుగా ఉంచడం ఈ కేంద్రాల మౌలిక నియమం. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థి అనుమతి లేనిదే వాటిని తల్లిదండ్రులకు గానీ, విభాగాధిపతికి గానీ చెప్పరు. ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉన్నప్పుడు, పిల్లలపై హింస జరుగుతున్నట్టు తెలిసినప్పుడు, న్యాయస్థానం ఆదేశించినప్పుడు మాత్రమే ఈ నియమానికి మినహాయింపు. ఆ మినహాయింపులను మొదటి రోజే విడమరిచి చెబుతారు.

భయం ఒక్కటే అడ్డంకి కాదు. మనసులోని బాధను శరీర బాధగా చెప్పుకోవడం తెలుగు ఇళ్లలో పరిపాటి. నిద్ర పట్టకపోవడం, తల బరువు, గుండె దడ, అన్నం సయించకపోవడం అన్న ఫిర్యాదులతో విద్యార్థి ముందుగా వైద్యుల దగ్గరికి వెళ్తారు. ఆ మాటల వెనక ఉన్న దిగులును పట్టుకోవడానికి ఐరిష్ కౌన్సెలర్‌కు మరికొన్ని ప్రశ్నలు అడిగే ఓపిక కావాలి. అలాగే, పాశ్చాత్య కౌన్సెలింగ్ వ్యక్తి సొంత ఇష్టాన్ని కేంద్రంగా చేసుకుని నడుస్తుంది. తెలుగు విద్యార్థి కోర్సు ఎంపిక, అప్పు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఇంటిల్లిపాదీ కలిసి తీసుకున్న నిర్ణయాలు. ‘మీకేం కావాలి’ అన్న ప్రశ్నకు వెంటనే జవాబు రాకపోవడాన్ని బలహీనతగా చూడకుండా, ఆ బంధాల లోపలే దారి వెతకడం నేర్చినప్పుడే కౌన్సెలర్లు ఈ విద్యార్థులకు నిజంగా ఉపయోగపడగలరు.

2025 వేసవిలో ఇలాంటి ఆసరా అవసరం మరింత పెరిగింది. జులై 19న డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడిపై దారుణమైన దాడి జరిగింది. మరికొన్ని దాడుల వార్తల తర్వాత ఆగస్టు 1న డబ్లిన్‌లోని భారత రాయబార కార్యాలయం తమ పౌరులు జాగ్రత్తగా ఉండాలని ప్రకటన జారీ చేసింది. రాత్రి బస్సు దిగి నడిచి వెళ్లడానికే జంకే విద్యార్థి భయం మానసిక రోగ లక్షణం కాదు, కళ్లెదుటి పరిస్థితికి సహజమైన స్పందన. అలాంటి వేళ ఆ భయాన్ని నిజమని ఒప్పుకోవడం, పోలీసులకు ఫిర్యాదు చేసే దారి చూపడం, ఒంటరితనం ముదరకుండా తోటివారితో కలపడం కౌన్సెలింగ్ సేవ చేయదగ్గ పనులు. భద్రత కల్పించే బాధ్యత మాత్రం ప్రభుత్వానిదీ సంస్థలదీ.

చాలని చేతులు

ఈ సేవల అవసరం ఎంతగా పెరిగిందో ఐర్లండ్ విద్యార్థుల సమాఖ్య 2019లో ప్రకటించిన జాతీయ నివేదిక చూపింది. మూడు వేల మందికి పైగా పాల్గొన్న ఆ సర్వేలో 38.4 శాతం మందిలో అత్యంత తీవ్రమైన ఆందోళన, 29.9 శాతం మందిలో అంతే తీవ్రమైన కుంగుబాటు కనిపించాయి. ఇవి విద్యార్థులు స్వయంగా ఇచ్చిన జవాబుల నుంచి లెక్కించినవే తప్ప వైద్యుల నిర్ధారణలు కావు. అయినా ప్రాంగణాల్లో ఎంత బరువు పేరుకుందో చెప్పడానికి అవి చాలు. ప్రతి వెయ్యి నుంచి పదిహేను వందల మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉండాలన్నది అంతర్జాతీయంగా ఉటంకించే ప్రమాణం. తమ దగ్గర ఆ స్థాయిలో సిబ్బంది లేరని ఐరిష్ కౌన్సెలర్లు చాలాకాలంగా చెబుతున్నారు. 2020 తర్వాత ప్రభుత్వం ప్రత్యేక నిధులు ఇవ్వడంతో కొంత ఊరట దక్కింది. అయితే ఏటా విడుదల కావలసిన నిధులతో స్థిరమైన ఉద్యోగాలు సృష్టించడం కష్టమవుతుంది.

ఉన్న సిబ్బందితోనే ఎక్కువమందిని చేరుకోవడానికి ‘స్టెప్డ్ కేర్’ అనే మెట్ల విధానాన్ని అనుసరిస్తున్నారు. స్వల్పమైన ఒత్తిడికి బృంద శిక్షణలూ ఆన్‌లైన్ పాఠాలూ, ఆపై మెట్టులో వ్యక్తిగత కౌన్సెలింగ్, తీవ్రమైన స్థితికి వైద్య సహాయం అన్నది దీని క్రమం. ఆన్‌లైన్ మెట్టుకు ఐర్లండే ఒక సాధనాన్ని అందించింది. ట్రినిటీ కాలేజీ పరిశోధనల నేపథ్యంలో 2012లో మొదలైన సిల్వర్‌క్లౌడ్ సంస్థ సీబీటీని ఇంటర్నెట్ పాఠాలుగా మలచి ప్రాంగణాలకు చేర్చింది. ఒకే గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుని ఉండే తెలుగు విద్యార్థికి గట్టిగా మాట్లాడే ఏకాంతం దొరకదు కాబట్టి, ఫోన్‌లో నిశ్శబ్దంగా చదువుకోగల ఇలాంటి పాఠాలూ, మానసిక ఆసరా కోసం 2020 జూన్‌లో మొదలైన 50808 సందేశ సేవా ఎంతో అనుకూలం.

పూడ్చవలసిన ఖాళీ మరొకటి ఉంది. చదువు ముగియగానే కౌన్సెలింగ్ అర్హత కూడా సాధారణంగా ముగుస్తుంది. మాస్టర్స్ పూర్తి చేసినవారు రెండేళ్ల వరకు ఉండి ఉద్యోగం వెతుక్కోవడానికి వీలు కల్పించే ‘స్టాంప్ 1జీ’ కాలమే నిజానికి చాలామందికి అత్యంత కఠినమైన కాలం. అప్పు వాయిదాలు మొదలై, తిరస్కరణ ఈమెయిళ్లు పోగుపడే ఆ నెలల్లో వారికి ప్రాంగణం తలుపు మూసుకుపోతుంది. పట్టభద్రులకు కనీసం ఆరు నెలలు ఈ సేవను కొనసాగించడం విదేశీ విద్యార్థుల ఫీజులతో లబ్ధి పొందే సంస్థలకు అసాధ్యమేమీ కాదు.

ప్రయాణానికి ముందే మొదలవ్వాలి

తెలుగు విద్యార్థి సంకోచానికి మూలం డబ్లిన్‌లో లేదు. ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీల్లో, ర్యాంకుల సెక్షన్లలో, ఇంజనీరింగ్ హాస్టళ్లలో ఆరేళ్లు గడిపి, ఆ ఆరేళ్లలో ఒక్కసారైనా శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను చూడకుండానే వారిలో ఎందరో విమానం ఎక్కుతారు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో భారతదేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పునిస్తూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో మనస్తత్వ నిపుణులనో నియమించాలనీ, మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం మానాలనీ మార్గదర్శకాలు జారీ చేసింది. అవి తెలుగు రాష్ట్రాల జూనియర్ కాలేజీల్లో చిత్తశుద్ధితో అమలైన నాడు విదేశానికి వెళ్లే తరానికి కౌన్సెలర్ గది కొత్త చోటుగా కనిపించదు.

అప్పటిదాకా చేయవలసిన పనులు చిన్నవే. అడ్మిషన్ లేఖ, వీసా, బీమా, అద్దె అడ్వాన్సుల జాబితాలో చేరబోయే సంస్థ కౌన్సెలింగ్ కేంద్రం వివరాలనూ చేర్చుకోవాలని విదేశీ విద్య కన్సల్టెన్సీలు ప్రతి విద్యార్థికీ చెప్పాలి. ఉగాదికీ బతుకమ్మకూ విద్యార్థులను చేరదీసే ఐర్లండ్ తెలుగు సంఘాలు, సెప్టెంబరులో ఒక సాయంత్రం సీనియర్ల చేత ఈ సేవల గురించి తెలుగులో చెప్పించవచ్చు. పూర్వ విద్యార్థి ఒకరు తాను కౌన్సెలర్‌ను కలిసిన సంగతి నలుగురి ముందు సహజంగా చెబితే పది కరపత్రాలు చేయలేని పని జరుగుతుంది. విశ్వవిద్యాలయాలు దక్షిణాసియా భాషలు తెలిసిన కౌన్సెలర్లను వెతికి నియమించుకోవాలి.

తల్లిదండ్రుల పాత్ర వీటన్నింటికంటే పెద్దది. పిల్లలు ఫోన్‌లో అంతా బాగుందని చెప్పేది చాలాసార్లు ఇంట్లో వారు బెంగపడతారనే. ‘తిన్నావా, ఫీజు కట్టావా’ అన్న ప్రశ్నల సరసన ‘నిద్ర పడుతోందా, బరువుగా ఉంటే అక్కడి కౌన్సెలర్‌తో మాట్లాడరాదూ’ అన్న మాటను కూడా చేర్చగలిగితే, సహాయం అడగడానికి ఇంటి అనుమతి దొరికినట్టే. ‘పట్టా లేకుండా వచ్చినా నువ్వు మా బిడ్డవే’ అన్న భరోసాను చదువు సాగుతున్నప్పుడే ఒకసారి నోరు తెరిచి చెప్పాలి. ఐరిష్ ప్రభుత్వ పత్రాలు, సుప్రీంకోర్టు మార్గదర్శకాలు, విశ్వవిద్యాలయాల నిధులు ఎంత ముఖ్యమైనవైనా, ఆ ఒక్క భరోసా ఉన్న విద్యార్థే అవసరమైన రోజున వాటిని వాడుకోగలరు.

అత్యవసర వేళ

ఐర్లండ్‌లో ప్రాణాపాయ స్థితిలో 112 లేదా 999కి ఫోన్ చేయాలి. సమారిటన్స్ 116 123 నంబరు రోజంతా ఉచితంగా పనిచేస్తుంది. 50808కి ఇంగ్లిష్‌లో ‘హలో’ అని సందేశం పంపితే శిక్షణ పొందిన వాలంటీర్లు స్పందిస్తారు. పియెటా సహాయవాణి 1800 247 247. విద్యార్థుల కోసం నైట్‌లైన్ నంబరు 1800 793 793. భారతదేశంలో టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.